టిన్ విజిల్ వాయించే పాపకి వేణువు ఎప్పుడు మొదలుపెట్టాలి? రికార్డర్, బాన్సురీ, వేణువులతో పోలిక

మీరు అడిగిన సంగతులు మూడు. డబ్లిన్ బళ్లో మీ తొమ్మిదేళ్ల అమ్మాయికి టిన్ విజిల్ నేర్పుతున్నారు, పిల్ల ఇష్టంగా వాయిస్తోంది. ఇది రికార్డర్ లాంటిదేనా అన్నది మొదటి ప్రశ్న. దీని మీద మన కర్ణాటక సంగీతం పలుకుతుందా అన్నది రెండోది. వేణువు మాస్టారి దగ్గర ఆన్‌లైన్ క్లాసులో చేర్పించాలని ఉంది, చేర్పిస్తే విజిల్ మాన్పించాలా అన్నది మూడోది.

మూడోదానికి ముందే జవాబు చెప్పేస్తాను: మాన్పించకండి. విజిల్ మీద వేళ్లు నేర్చుకున్నదాంట్లో చాలా భాగం బాన్సురీ (హిందుస్తానీ సంగీతపు వెదురు వేణువు) మీదికి ఉన్నదున్నట్టు వచ్చేస్తుంది, మన వేణువు మీదికి కొంత సర్దుబాటుతో వస్తుంది. పెదవులకి మాత్రం విజిల్ ఏమీ నేర్పదు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతా తేడాలన్నీ దాని వెంటే అర్థమవుతాయి. నేను చిన్నప్పటి నుంచి వేణువు వాయిస్తున్నాను. ఐర్లండ్ వచ్చాక విజిలూ, కింది స్థాయిలో పలికే లో విజిలూ పట్టుకుని ఇక్కడి సెషన్లలో (వాద్యకారులు కలిసి కూర్చుని వాయించుకునే చోట్లలో) కూర్చుంటున్నాను. రెండు వాద్యాలంటేనూ నాకు ప్రాణం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

శబ్దం ఎక్కడ పుడుతుందో ముందు చూద్దాం. వేణువైనా విజిలైనా రికార్డరైనా, గాలి పలచటి పొరలాగా వెళ్లి ఒక పదునైన అంచుకి తగలాలి. ఆ పొర అంచుకి అటూ ఇటూ ఊగితే గొట్టంలో ఉన్న గాలి కంపిస్తుంది, నాదం వస్తుంది. వేణువులో ఆ గాలి పొరని తయారుచేసేది మన పెదవులే. అంచుకి ఎంత దూరం, ఏ కోణం, ఎంత సన్నం అన్నవన్నీ పెదవుల చేతిలోనే ఉంటాయి. విజిల్‌లో ఆ పని ముందే అమర్చేసి ఉంటుంది. నోట్లో పెట్టుకునే ముక్కు లోపల సన్నటి గాలిదారి ఉంటుంది, అది తిన్నగా కిటికీ లాంటి కోతలోకి తెరుచుకుంటుంది, కిటికీ అవతలి గట్టు మీద అంచు ఉంటుంది. మీరు ఎలా ఊదినా గాలి అదే దారిన వెళ్లి అదే చోట తగులుతుంది. అందుకే చేతికిచ్చిన మొదటి నిమిషంలోనే పిల్లలు స్వరం పలికించేస్తారు. వేణువు మీద మొదటి నాదం రావడానికి కొందరికి వారాలు పడుతుంది.

ఈ సౌకర్యానికి చెల్లించే మూల్యం ఒకటుంది. విజిల్‌లో గాలి బలం ఒక్కటే మన చేతిలో మిగులుతుంది. గట్టిగా ఊదితే శ్రుతి పైకి పోతుంది, ఇంకా గట్టిగా ఊదితే పై స్థాయికి దూకుతుంది. మెల్లగా ఊదితే శ్రుతి దిగిపోతుంది. వేణువులోనూ గాలి పెంచితే శ్రుతి పెరుగుతుంది, కాని అక్కడ పెదవి కాస్త లోపలికి తిప్పి దాన్ని మళ్లీ దించుకోవచ్చు. కాబట్టి ఒకే స్వరాన్ని గుసగుసలా మొదలుపెట్టి నిండుగా పెంచి మళ్లీ తగ్గించడం వేణువు మీద సాధ్యం. విజిల్ మీద అది దాదాపు కుదరదు. ఐరిష్ వాద్యకారులు పాటలో ప్రాణాన్ని గట్టి-మెల్లల్లో కాకుండా వేళ్ల విసుర్లలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలన్న నిర్ణయంలో, నాలుక వాడకంలో పెట్టుకున్నది ఇందుకే.

రికార్డర్ సంగతి. ముక్కు, గాలిదారి, కిటికీ వరకు ఇద్దరూ ఒకే కుటుంబం. ఆ తర్వాత దారులు వేరు. విజిల్‌కి ముందువైపు ఆరు రంధ్రాలు, అంతే. రికార్డర్‌కి ముందు ఏడు, వెనక బొటనవేలికి ఒకటి. విజిల్‌లో పై స్థాయికి వెళ్లాలంటే వేళ్లు అలాగే ఉంచి గాలి పెంచితే చాలు. రికార్డర్‌లో బొటనవేలి రంధ్రాన్ని గోటి పక్కతో కొద్దిగా తెరవాలి, పైకి వెళ్లేకొద్దీ వేళ్ల అమరిక కూడా మారిపోతుంది. దానికి బదులుగా రికార్డర్ పన్నెండు స్వరస్థానాలనూ శుభ్రంగా ఇస్తుంది. మధ్యలో ఒక వేలు ఎత్తి కింద రెండు మూసే ఫోర్క్ పద్ధతి కోసమే దాని లోపలి గొట్టాన్నీ, రంధ్రాలనూ చెక్కుతారు. విజిల్ మాత్రం ఒకే శ్రుతికి, ఒకే మేళానికి (ఏడు స్వరాల వరసకి) కట్టిన వాద్యం. వేరే శ్రుతి కావాలంటే వేరే విజిల్ తీస్తారు. అందుకే వాద్యకారుల సంచిలో డి, సి, జి, ఎఫ్, బి-ఫ్లాట్ అంటూ చాలా గొట్టాలు ఉంటాయి.

రికార్డర్ యూరప్‌లో పాత రాజాస్థానాల వాద్యం. మధ్యలో మరుగున పడి, 20వ శతాబ్దం మొదట్లో ఆర్నాల్డ్ డోల్మెచ్ లాంటి వాళ్ల కృషితో మళ్లీ వెలుగులోకి వచ్చింది. తర్వాత ప్లాస్టిక్ రూపంలో ప్రపంచమంతా బళ్లకి చేరింది. ఒక జాగ్రత్త: బడికి కొనేటప్పుడు జర్మన్ ఫింగరింగ్ అని ఒక రకం కనిపిస్తుంది. 1920లలో పీటర్ హార్లన్ ప్రచారంలోకి తెచ్చిన అమరిక అది. మొదటి మేళం వాయించడానికి సులువుగా ఉంటుంది కాని తర్వాత కొన్ని స్వరాలు శ్రుతిలో నిలవవు. ఎప్పుడైనా రికార్డర్ కొంటే బరోక్ ఫింగరింగ్ రకమే తీసుకోండి.

విజిల్ చరిత్ర దీనికి భిన్నం. ఎముకతో చేసిన ఈలలు డబ్లిన్ తవ్వకాల్లో మధ్యయుగాల నాటివే దొరికాయి, కాబట్టి మూలం పాతదే. ఇప్పుడు మనం చూసే రేకు విజిల్ మాత్రం ఇంగ్లండ్‌లో పుట్టింది. సఫక్ ప్రాంతపు పల్లెలో ఉండే రాబర్ట్ క్లార్క్ 1843లో తగరపు పూత రేకుని చుట్టి, చెక్క బిళ్ల దూర్చి విజిళ్లు చెయ్యడం మొదలుపెట్టాడు. తర్వాత మాంచెస్టర్‌కి మారి పెద్ద ఎత్తున చేశాడు. చవక కావడం వల్ల అది పేదవాడి చేతికి చేరింది, ఐర్లండ్ చేతికి చేరింది. ఇవాళ్టికీ క్లార్క్ ఒరిజినల్ అదే పద్ధతిలో వస్తోంది: పైన లావుగా, కిందికి సన్నబడే గొట్టం, చెక్క బిళ్ల, గాలి కలిసిన మెత్తటి నాదం. జనరేషన్, ఫియడోగ్ లాంటివి తిన్నని ఇత్తడి లేదా నికెల్ పూత గొట్టానికి ప్లాస్టిక్ ముక్కు తగిలించినవి, నాదం గట్టిగా, స్పష్టంగా ఉంటుంది. పాత సామాన్ల దుకాణాల్లో దొరికే చాలా పాత విజిళ్లకి సీసపు ముక్కు ఉండొచ్చు, అవి పిల్లల నోటికి ఇవ్వకండి.

ఈ చవక వాద్యాన్ని ఎవరూ తక్కువ చేసి చూడకూడదు. క్లేర్ కౌంటీలో డూలిన్ ఊరి మీకో రసెల్ దీనితోనే ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. మేరీ బెర్గిన్ వాయించిన రీళ్లు (ఐరిష్ నాట్య బాణీలు) వింటే ఆరు రంధ్రాల గొట్టంలో ఇంత ఉందా అనిపిస్తుంది. మీ పాపకి ఆమె రికార్డింగులు వినిపించండి.

మన తిరునాళ్లలో కర్రకి గుచ్చి అమ్మే వెదురు పిల్లనగ్రోవులు గుర్తుండే ఉంటాయి. వాటిలో అడ్డంగా పట్టుకుని ఊదేవి వేణువు జాతి. చివర చెక్క బిళ్ల దూర్చి నిలువుగా పట్టుకుని ఊదేవి టిన్ విజిల్ జాతి. రాజస్థాన్, పంజాబుల అల్గోజా కూడా ఈ రెండో జాతిదే, రెండు గొట్టాలు ఒకేసారి నోట్లో పెట్టుకుని వాయిస్తారు. కాబట్టి ఈ నిర్మాణం మనకి పరాయిది కాదు. శాస్త్రీయ సంగీతం మాత్రం అడ్డంగా పట్టేదాన్నే ఎంచుకుంది. ఎందుకో గమకాల (స్వరాన్ని ఊపే, జార్చే అలంకారాల) దగ్గర చెబుతాను.

ఐరిష్ చెక్క ఫ్లూట్ గురించి ఒక్క మాట. 1847లో జర్మనీ వాద్యకారుడు బోహ్మ్ చేసిన లోహపు ఫ్లూట్ రూపం కొలిక్కి వచ్చాక ఆర్కెస్ట్రాల వాళ్లు క్రమంగా అటు మారిపోయారు. పాత చెక్క ఫ్లూట్లు చవకగా పల్లె వాద్యకారులకి దొరికాయి. దాని వేళ్లు అచ్చం విజిల్ వేళ్లే, పట్టుకునేది అడ్డంగా, ఊదేది పెదవులతో. విజిల్ మీద మొదలుపెట్టి కొన్నేళ్లకి ఫ్లూట్‌కి మారడం ఇక్కడ మామూలే. మీ పాప విజిల్ నుంచి వేణువుకి వెళ్లడం కూడా అలాంటి ప్రయాణమే.

ఇక మీ రెండో ప్రశ్న. ఇక్కడే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది.

బళ్లో వాడేది డి విజిల్ అయి ఉంటుంది, మన లెక్కలో రెండు శ్రుతి. ఆరు రంధ్రాలూ మూస్తే డి. కింద నుంచి ఒక్కొక్క వేలు ఎత్తుకుంటూ పోతే అన్నీ తెరిచేసరికి ఏడు స్వరాలు వస్తాయి, అది శంకరాభరణం. బడి పద్ధతిలో అన్నీ మూసిన స్వరమే షడ్జం, అంటే స. ఇప్పుడు బాన్సురీ తీసుకోండి. దానికీ ఆరు రంధ్రాలే, అదే వరస. కాని అక్కడ పై మూడు మూస్తే షడ్జం. అన్నీ మూస్తే మంద్ర పంచమం, అంటే కింది స్థాయి ప. అన్నీ తెరిస్తే ప్రతి మధ్యమం, అంటే రెండు మ లలో పైది. వేళ్లు అవే, స్వరాంతరాలు అవే, షడ్జం కుర్చీ మాత్రం మారింది.

ఆ కుర్చీ మార్పులో పెద్ద సదుపాయం ఉంది. విజిల్ మీద రెండు స్థాయిలు పలుకుతాయి. అన్నీ మూసిన డి ని షడ్జం చేస్తే దాని కిందికి వెళ్లడానికి ఒక్క స్వరం కూడా లేదు. మంద్ర నిషాదం తాకని రాగాలు మనకి ఎన్ని ఉన్నాయి? కీర్తన మొదలవగానే గొట్టం అయిపోతుంది. అదే మూడు మూసిన జి ని షడ్జం చేస్తే, కింద మంద్ర పంచమం వరకు, పైన తార పంచమం వరకు దొరుకుతుంది. మన కీర్తనల్లో చాలావాటికి సరిపోయే పరిధి అది. మన వేణువుల్లో షడ్జాన్ని గొట్టం మధ్యలో పెట్టుకున్నందుకు ఇదే పెద్ద లాభం. కాబట్టి మీ పాప మన పాట వాయించేటప్పుడు తంబురా యాప్‌ని డి లో కాకుండా జి లో, అంటే ఐదు శ్రుతిలో పెట్టండి. చిన్న మార్పే, కాని మొదటి రోజు నుంచే అలవాటైతే తర్వాత బాన్సురీ చేతికిచ్చినప్పుడు కొత్తగా ఏమీ అనిపించదు.

ఇలా జి షడ్జంగా పెట్టుకుంటే ఏ రాగాలు సులువు? మోహనం, హంసధ్వని రెండూ ఒక్క అర మూత కూడా లేకుండా వస్తాయి. వాటిలో మధ్యమం లేదు కదా. కల్యాణి స్వరాలు కూడా నేరుగా వస్తాయి, ఎందుకంటే అన్నీ తెరిచినది ప్రతి మధ్యమమే. శంకరాభరణానికి శుద్ధ మధ్యమం కావాలి. దానికి విజిల్ మీద మంచి ఉపాయం ఉంది: పై రంధ్రం తెరిచి, రెండోదీ మూడోదీ మూసి, మిగతావి తెరవండి. ఇక్కడి పిల్లలకి సి-నాచురల్ పేరుతో ఇదే నేర్పుతారు. మీ పాపకి ఇప్పటికే వచ్చి ఉంటుంది.

కష్టమైనది మాయామాళవగౌళ. మన సరళీ వరసలు మొదలయ్యేదే దానితో. శుద్ధ రిషభానికి మూడో రంధ్రాన్ని సగం మూయాలి, శుద్ధ ధైవతానికి అన్నిటికన్నా కింది రంధ్రాన్ని సగం మూయాలి. విజిల్ రంధ్రాలు చిన్నవి. వేలు ఒక వెంట్రుకవాసి జరిగితే స్వరం మారిపోతుంది. వేణువు మీదా అర మూతలున్నాయి, కాని అక్కడ రంధ్రం పెద్దది, పైగా తప్పితే పెదవి సర్దుతుంది. అందుకని విజిల్ మీద సరళీ వరసలు మాయామాళవగౌళలో వాయించమని పిల్లని ఒత్తిడి చెయ్యకండి. స్వరం శ్రుతి తప్పుతూ ఉంటే చెవి పాడవుతుంది. అవే సరళీ వరసలు, జంట వరసలు శంకరాభరణంలోనో కల్యాణిలోనో వాయించనివ్వండి. మాయామాళవగౌళ గొంతుతో పాడించండి. అదే కారణంగా మొదట్లో నేర్పే మలహరి గీతాలని కూడా పాటకి ఉంచి, మోహన గీతాన్ని విజిల్‌కి ఇవ్వండి.

చిత్రంగా ఈ ఒక్క విషయంలో రికార్డర్ విజిల్‌ని మించిపోతుంది. శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం రెండూ ఫోర్క్ వేళ్లతో నిలకడగా ఇస్తుంది. కాని ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారాలంటే ఆ ఫోర్క్ వేళ్లే అడ్డం పడతాయి. ఒక వేలు ఎత్తుతూ రెండు వేళ్లు దించుతూ జారు పలికించడం కుదరదు. విజిల్‌లో వేళ్లు వరసగా లేస్తాయి కాబట్టి రంధ్రం మీద నుంచి వేలిని మెల్లగా పక్కకి లాగితే నున్నటి జారు వస్తుంది. స్వరస్థానాలు కావాలంటే రికార్డర్, జారు కావాలంటే విజిల్. మన సంగీతానికి జారు ముఖ్యం, అందుకని నా ఓటు విజిల్‌కే.

సంగీతం కాస్త తెలిసిన వాళ్లకి ఈ గొట్టం మీద గ్రహభేదం చేసి చూపించడం నాకు చాలా ఇష్టం. వేళ్ల అమరిక ఏమీ మార్చకుండా షడ్జాన్ని మాత్రం జరపండి. డి మీద శంకరాభరణం, ఇ మీద ఖరహరప్రియ, ఎఫ్-షార్ప్ మీద హనుమతోడి స్వరాలు, జి మీద కల్యాణి, ఎ మీద హరికాంభోజి, బి మీద నటభైరవి. తంబురా శ్రుతి మారుస్తూ ఇవి వాయిస్తే పిల్లలకి మేళాలు కళ్ల ముందు విప్పినట్టు అర్థమవుతాయి. మోహనంతో చేస్తే ఇంకా ముచ్చటగా ఉంటుంది. డి, ఇ, ఎఫ్-షార్ప్, ఎ, బి అనే ఐదు స్వరాలే తీసుకుని షడ్జాన్ని ఇ కి మారిస్తే మధ్యమావతి, ఎఫ్-షార్ప్‌కి మారిస్తే హిందోళం, ఎ కి మారిస్తే శుద్ధ సావేరి, బి కి మారిస్తే శుద్ధ ధన్యాసి. ఐరిష్ బాణీల్లో కూడా ఇదే జరుగుతుంది. వాళ్ల రీళ్లు, జిగ్గులు చాలావరకు డి, జి మేజర్లలో ఉంటాయి, వాటి తర్వాత ఎక్కువగా వినిపించేవి ఇ మీద నిలబడే ఖరహరప్రియ వరస, ఎ మీద నిలబడే హరికాంభోజి వరస. మీ పాప బడి పుస్తకంలో బాణీ ఏ స్వరం మీద ఆగుతోందో చూసుకుంటే ఏ మేళంలో ఉందో మీరే చెప్పగలరు.

గమకాల మాటకొస్తే, కొన్ని విజిల్ మీద అద్భుతంగా వస్తాయి, కొన్ని అసలు రావు. వచ్చేవి ముందు చెబుతాను.

ఐరిష్ వాద్యకారులు ఒకే స్వరం రెండుసార్లు వచ్చినప్పుడు ప్రతిసారీ నాలుకతో విడగొట్టరు. పైన ఉన్న ఒక వేలిని రెప్పపాటు ఎత్తి దించుతారు, దీన్ని కట్ అంటారు. లేదా కింద తెరిచి ఉన్న రంధ్రాన్ని వేలితో టక్కున తాకి తీస్తారు, దీన్ని స్ట్రైక్ అంటారు. ఇప్పుడు మన జంట వరసలు గుర్తు చేసుకోండి. ఆరోహణలో సస రిరి గగ అన్నప్పుడు రెండో స్వరాన్ని కింది స్వరం తాకించి నొక్కుతాం, అది స్ఫురితం. అవరోహణలో పై స్వరం తాకిస్తాం, అది ప్రత్యాహతం. స్ట్రైక్ చేసే పని స్ఫురితానిది, కట్ చేసే పని ప్రత్యాహతానిది. తేడా ఒకటే: మనం తాకించే స్వరం రాగానికి చెందినదై ఉండాలి. ఐరిష్ కట్‌లో ఆ స్వరం ఏమిటన్నది వాళ్లు పట్టించుకోరు, అది చెవికి స్వరంగా ఆనకుండా చిటికెలా వినిపించి పోవాలి. రోల్ అనేది ఈ రెండింటి కలయిక. జి మీద రోల్ అంటే జి పలికి, కట్ కొట్టి మళ్లీ జి, స్ట్రైక్ కొట్టి మళ్లీ జి, అంతా ఒకే ఊపిరిలో, నాలుక తగలకుండా. మీ పాప ఇది నేర్చుకుంటే జంట వరసలు వేణువు మీద ఆమెకి నల్లేరు మీద బండి నడకే. విజిల్ మాన్పించవద్దని నేను గట్టిగా చెప్పడానికి ఇదొక పెద్ద కారణం.

రానివి కంపితాలు, అంటే స్వరాన్ని ఊపే గమకాలు. తోడి గాంధారం, కల్యాణి నిషాదం, శంకరాభరణంలో ఊగే మధ్యమం లాంటివి. వేణువు మీద ఇవి వేలు, పెదవి, ఊపిరి మూడూ కలిసి చేస్తాయి. వేలు రంధ్రం అంచు మీద ఊగుతుంటే పెదవి శ్రుతిని నిమురుతూ ఉంటుంది, నాదం సన్నబడకుండా ఊపిరి చూసుకుంటుంది. విజిల్‌లో పెదవి లేదు. వేలు ఊపితే స్వరం ఊగదు, గెంతుతుంది. పైన చెప్పినట్టు ఎఫ్-షార్ప్ మీద హనుమతోడి స్వరాలు వస్తాయి, తోడి రాదు. మన వాళ్లు అడ్డ వేణువునే ఎందుకు పట్టుకున్నారో ఇక్కడ తెలుస్తుంది. మాలి అని అందరూ పిలుచుకునే టి.ఆర్. మహాలింగం 20వ శతాబ్దంలో వేణువుని గాత్రానికి అంత దగ్గరగా తీసుకురాగలిగాడంటే ఆ ఊదే రంధ్రం దగ్గర పెదవికి ఉన్న స్వేచ్ఛ వల్లే.

విజిల్‌ని కూడా వంచినవాళ్లు ఉన్నారు. 1950లలో దక్షిణాఫ్రికా జొహానెస్‌బర్గ్ వీధుల్లో క్వేలా అనే సంగీతం పుట్టింది. స్పోక్స్ మషియానే లాంటివాళ్లు విజిల్‌ని తిన్నగా కాక ఏటవాలుగా నోట్లో పెట్టుకుని, ముక్కుని తిప్పి, కిటికీని కొంత మూసేస్తూ లావుపాటి నాదం, జారే స్వరాలు తీశారు. అది ఆ సంగీతం కోసం వాళ్లు కనిపెట్టుకున్న పద్ధతి. పిల్లలు మొదట్లోనే అలా పట్టుకుంటే అసలు శ్రుతి కుదరదు, కాబట్టి ఇప్పుడు చూపించకండి.

విజిల్ నుంచి మన వైపు రావడానికి మంచి వంతెన లో విజిల్. మామూలు డి విజిల్ ఒక అడుగు పొడవు ఉంటే, లో డి దానికి రెట్టింపు, ఒక స్థాయి కింద పలుకుతుంది. దీని పుట్టుకలో భారతదేశం ఉంది. ఐరిష్ గాయకుడు, పైపర్ (బ్యాగ్‌పైప్ వాద్యకారుడు) ఫిన్‌బార్ ఫ్యూరీ దగ్గర ఆయన ప్రాణంగా చూసుకునే ఒక భారతీయ వెదురు విజిల్ ఉండేది. కచేరీల యాత్రలో అది విరిగిపోయింది. దానికి బదులు లోహంతో చేసి ఇమ్మని 1971 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని బెర్నార్డ్ ఓవర్టన్‌ని అడిగాడు. ఓవర్టన్ అల్యూమినియంతో చేసిచ్చిన దాని నుంచే నేటి లో విజిల్ వచ్చింది. రంధ్రాలు దూరదూరంగా ఉండటం వల్ల వేళ్ల కొనలు అందవు. అందుకని వేళ్లని చాపి కణుపుల మధ్య భాగంతో మూస్తారు, పైపర్స్ గ్రిప్ అంటారు. పెద్ద బాన్సురీ మీద కూడా చాలామంది వేళ్లు దాదాపు అలాగే పెడతారు. లో డి విజిల్‌లో మూడు మూసిన స్వరం జి, కాబట్టి అది వేళ్ల లెక్కలో జి బాన్సురీకి జోడు. మీ పాపకి చేతులు ఎదిగాక, పన్నెండు పదమూడేళ్లప్పుడు, ఇది ఆలోచించండి. ఇప్పుడే కొంటే వేళ్లు అందక ఏడుస్తుంది.

బాన్సురీకీ కర్ణాటక వేణువుకీ తేడా కూడా తెలుసుకుని మాస్టారిని ఎంచుకోండి. కర్ణాటక వేణువుకి ఊదే రంధ్రం కాక ఎనిమిది రంధ్రాలు ఉంటాయి. ఊదే రంధ్రం వైపు నుంచి మొదటి రెండూ మూస్తే షడ్జం. కాబట్టి విజిల్ నుంచి వచ్చే పిల్లకి ఒక వేలు తేడా పడుతుంది, అన్నీ తెరిచినప్పుడు వచ్చే స్వరం కూడా మారుతుంది. గొట్టం పొట్టిగా, గోడ కాస్త మందంగా ఉంటుంది, గమకాలకి అనువు. హిందుస్తానీ బాన్సురీలో విద్వాంసుడు పన్నాలాల్ ఘోష్ తెచ్చిన పొడవాటి గొట్టం, మంద్ర స్థాయి గాంభీర్యం వేరే అందం. మీకు కర్ణాటకమే కావాలంటే నేరుగా ఎనిమిది రంధ్రాల వేణువే ఇప్పించండి. మధ్యలో బాన్సురీ పెట్టి షడ్జాన్ని రెండుసార్లు మార్పించడం అనవసరం.

ఎప్పుడు మొదలుపెట్టాలి? తొమ్మిదేళ్లకి ఐదు శ్రుతి వేణువు చాలామంది పిల్లల చేతికి కష్టం మీద అందుతుంది. ముందు వేణువు పట్టుకోబెట్టి చూడండి. ఎడమ చేతి వేళ్లు మరీ సాగదియ్యకుండా రంధ్రాలన్నీ మూయగలిగితే చేర్పించెయ్యండి. లేకపోతే ఒక ఏడాది ఆగండి, లేదా ఇంకా చిన్న గొట్టంతో మొదలుపెట్టించమని మాస్టారిని అడగండి. మొదటి నెలలో రోజుకి పది నిమిషాలు చాలు, అది కూడా ఉత్త నాదం కోసమే. పెదవి కుదరకుండా ఎక్కువసేపు ఊదితే గాలి వృథా పోయి పిల్లలకి కళ్లు తిరుగుతాయి. ఆ రోజుల్లో విజిల్ చేతిలో ఉండటం ఎంత మేలో చెప్పలేను. వేణువు పలకక నిరుత్సాహపడిన పిల్ల విజిల్ తీసి తనకి వచ్చిన బాణీ వాయించుకుని మళ్లీ హుషారుగా వేణువు పట్టుకుంటుంది. వేళ్లు ఎక్కడ తడబడినా ముందు విజిల్ మీద సాధించి, ఆ తర్వాత వేణువు మీదికి తెచ్చుకోవచ్చు.

మాస్టారికి ముందే రెండు విషయాలు చెప్పండి. ఒకటి, పిల్లకి అన్నీ మూసిన స్వరాన్ని షడ్జం అనుకునే అలవాటు ఉందని. రెండు, ప్రతి స్వరానికీ నాలుక కొట్టే అలవాటు ఉండొచ్చని. బళ్లో స్వరస్వరానికీ తు తు అని ఊదమని నేర్పుతారు, మొదట్లో శ్రుతి, లయ కుదరడానికి అది మంచిదే. మన సంగీతంలో ఒకే ఊపిరిలో స్వరాలు కలిసి రావాలి కాబట్టి దాన్ని మెల్లగా తగ్గించాలి. ఐరిష్ పద్ధతిలో కూడా ఎదిగినవాళ్లు నాలుకని తక్కువగానే వాడతారు. దగ్గర్లో కోల్తస్ శాఖ ఏదైనా ఉంటే, 1951 నుంచి ఐరిష్ సంప్రదాయ సంగీతం నేర్పుతున్న సంస్థ అది, బడి పాఠం దాటాక అక్కడ చేర్పించండి. కట్, రోల్ సరిగ్గా నేర్చుకునేది అక్కడే.

మీరు చివర్లో అడిగిన చిన్న విషయం: వాయిస్తూ ఉండగా మధ్యలో విజిల్ మూగబోతోందన్నారు. అది పాడవడం కాదు. ఊపిరిలోని తేమ చల్లటి గాలిదారిలో నీటి చుక్కలై అడ్డం పడుతుంది, ఐర్లండ్ చలిలో మరీ ఎక్కువ. వాయించే ముందు ముక్కుని గుప్పిట్లో పట్టుకుని వెచ్చబెట్టమనండి. అడ్డుపడినప్పుడు కిటికీని వేలితో పూర్తిగా మూసి ఒక్కసారి గట్టిగా ఊదితే నీళ్లు బయటికి పోతాయి. రోజూ ఇదే బాధ అయితే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క నీళ్లలో కలిపి గాలిదారిలో పోసి, కడగకుండా ఆరనివ్వండి. చుక్కలు కట్టకుండా నీరు పలచగా జారిపోతుంది. ప్లాస్టిక్ ముక్కుకి ఇది నిశ్చింతగా చెయ్యొచ్చు. చెక్క బిళ్ల ఉన్న క్లార్క్ రకాన్ని మాత్రం నీళ్లలో నానబెట్టకండి, చెక్క ఉబ్బుతుంది. గొట్టానికి ముక్కు గట్టిగా అతుక్కుని శ్రుతి సర్దుకోవడం కుదరకపోతే, ప్లాస్టిక్ ముక్కు వరకు ఓ నిమిషం వేడినీళ్లలో ముంచి మెల్లగా తిప్పండి, కదులుతుంది. తర్వాత ముక్కుని కొద్దిగా బయటికి లాగితే శ్రుతి దిగుతుంది, లోపలికి నొక్కితే పెరుగుతుంది. తంబురా యాప్ జి లో పెట్టి, పై మూడు రంధ్రాలూ మూయించి, రెండూ కలిసేదాకా జరపండి.